ప్రొజెక్టర్ కొనేముందు, ఆడేవాళ్లు ఎక్కడ నిలబడతారో చూసుకోండి

సంపాదకులు గారికి నమస్కారం.

పండగ ఆఫర్లు మొదలైతే చాలు, ప్రొజెక్టర్ల ప్రకటనలు వరసపెట్టి వస్తాయి. వాటిల్లో తరచూ కనిపించే బొమ్మ ఒకటుంది. గోడ నిండా తెర, దాని ముందు చేతులు ఊపుతూ ఆడుతున్న పిల్లలు, వెనక సోఫాలో నవ్వుతున్న పెద్దవాళ్లు. ఆ బొమ్మలో పిల్లల నీడ తెర మీద పడదు. మా ఇంట్లో పడింది. నీడతో పాటు ఇంకా చాలా చిక్కులొచ్చాయి, అన్నీ సర్దుకునేసరికి మూడు నెలలు పట్టింది, కొంత డబ్బు దండగయింది. ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదని రాస్తున్నాను. ఉత్తరం పొడుగైంది, కానీ కొలతలు తీసేస్తే ఎవరికీ పనికిరాదనిపించి అలాగే పంపుతున్నాను.

మాది రాజమండ్రి. మా అన్నయ్య అమెరికా నుంచి ఎప్పుడో తెచ్చిన నింటెండో వీ (Wii) మా అటక మీద ఏళ్ల తరబడి పడుంది. 2006లో వచ్చిన వీడియో గేమ్ మెషిన్ అది. చేతిలో టీవీ రిమోట్ లాంటిది పట్టుకుని, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ అంటే నిజంగానే చెయ్యి వెనక్కి తీసి ముందుకు ఊపాలి, టెన్నిస్ అంటే బ్యాట్‌తో కొట్టినట్టే కొట్టాలి. మా అమ్మకి 66 ఏళ్లు. నాన్న పోయాక గడప దాటడం బాగా తగ్గించేసింది, పొద్దున కూర్చున్న కుర్చీలోనే సాయంత్రం దాకా ఉంటుంది. మా అబ్బాయి ఎనిమిదో తరగతి, ఇంటికొస్తే ఫోన్లోంచి తలెత్తడు. ఈ ఇద్దరినీ ఒకచోట నిలబెట్టి కాసేపు కదిలించాలన్నది నా ఆశ. మాకున్నది 32 అంగుళాల టీవీ, దూరంగా నిలబడి ఆడితే అమ్మ కంటికి ఆనదు. అందుకని ప్రొజెక్టర్ మీదికి మనసు పోయింది.

మొదటిది ఆన్‌లైన్‌లో కొన్నాను, 9 వేలు. ప్రకటనలో పెద్ద అక్షరాలతో ‘1080పీ సపోర్ట్’, ‘9000 ల్యూమెన్స్’ (వెలుతురు కొలత) అని ఉంది. ఈ ‘సపోర్ట్’ అన్న మాట దగ్గర అందరూ ఆగి చదవాలని నా మనవి. దాని అర్థం 1080పీ సిగ్నల్ ఇస్తే అది తీసుకుంటుంది అని మాత్రమే. లోపల బొమ్మని తయారుచేసే ప్యానెల్ 800 బై 480. అంటే 3 లక్షల 84 వేల చుక్కలు. అసలైన 1080పీ అంటే 20 లక్షల 73 వేల 600 చుక్కలు, ఐదు రెట్లకి పైనే తేడా. వీ ఆటలు 480పీకి (480 అడ్డవరసల చుక్కలకి) మించి రావు కాబట్టి ఆ మెషిన్ వరకూ ఆ చుక్కలతో ఎలాగో నడిచిపోయేదే, అది ఒప్పుకుంటాను. వెలుతురు మాత్రం మరీ అన్యాయం. పగలు కిటికీ తలుపులన్నీ వేసినా తెర మీద ఏముందో తెలియలేదు. ఒక ప్రమాణం ప్రకారం కొలిచామని చెప్పే ఆన్సీ ల్యూమెన్స్ అనో ఐఎస్ఓ ల్యూమెన్స్ అనో రాయకుండా ఉత్త ల్యూమెన్స్ అని వేల సంఖ్య వేస్తే దాన్ని నమ్మకూడదని అప్పటికి నాకు తెలియదు. వెనక్కి తీసుకోమంటే గడువు దాటిందన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ప్రకటన స్క్రీన్‌షాట్లు పెట్టి ఫిర్యాదు నమోదు చేయించాను. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో స్పష్టంగానే ఉంది. కొన్ని వారాలకి డబ్బు వెనక్కొచ్చింది. ఆ నంబరు చాలామందికి తెలియదు, దయచేసి మీ పత్రికలో అప్పుడప్పుడూ వేయండి.

రెండోది ఊళ్లోనే, వెలిగించి చూపించమని అడిగి, చీకటి గదిలో చూసి కొన్నాను. బొమ్మ బాగుంది. ఇంటికి తెచ్చి హాల్లో వెనక స్టూలు మీద పెట్టాం. అసలు కథ అప్పుడు మొదలైంది.

సినిమా చూసేవాడు కూర్చుంటాడు. ఈ ఆటలు ఆడేవాడు నిలబడతాడు, పైగా తెరకీ ప్రొజెక్టర్‌కీ సరిగ్గా మధ్యలో. అబ్బాయి రిమోట్ పట్టుకుని లేవగానే వాడి తల, భుజాలు తెర మధ్యలో నల్లగా నిలబడ్డాయి, బంతి దొర్లే దారి మొత్తం ఆ నీడలోనే ఉంది. పక్కకి జరిగి ఆడితే రిమోట్ గురి కుదరదు. వాడు వెనక్కి తిరిగి నాతో మాట్లాడబోయి, లైటు సూటిగా కళ్లలో పడి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. స్టూలు మీద ప్రొజెక్టర్ పెట్టి పిల్లల్ని దాని ముందు ఆడనివ్వకండి, ఈ ఒక్క విషయంలో ఎంత గట్టిగా చెప్పినా తప్పులేదు.

సరే, పైన బిగిద్దామని ఎలక్ట్రీషియన్ని పిలిచాం. మంచి పనిమంతుడు, కానీ అతనూ సినిమాలకే బిగించాడు గానీ ఇలాంటి ఆటలకి ఎప్పుడూ బిగించలేదు. శ్లాబుకి ఆనించి, నేల నుంచి తొమ్మిదిన్నర అడుగుల ఎత్తులో పెట్టాడు. నీడ పోయింది. ఫ్యాన్ వేశాం. బొమ్మ మొత్తం టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. హాలు మధ్యలో ఫ్యాన్ ఉంటుంది కదా, వెలుగు సరిగ్గా రెక్కల్లోంచి పోతోంది. వేసవిలో ఫ్యాన్ ఆపి ఆడటం ఎలా? విదేశాల వీడియోలు చూసి బిగించుకునేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు, వాళ్ల హాళ్లలో చాలావాటిల్లో మనలా నడిమధ్యన ఫ్యాన్ ఉండదు.

రెండో చిక్కు ఇంకా ముఖ్యమైనది, కంటికి వెంటనే కనపడనిది. అంత ఎత్తులోంచి తెర మీద పడాలంటే ప్రొజెక్టర్‌ని కిందికి వంచాలి. వంచితే బొమ్మ పైన సన్నగా, కింద వెడల్పుగా వస్తుంది. దాన్ని సరిచేయడానికి కీస్టోన్ అని ఒకటి ఉంటుంది, రిమోట్ నొక్కితే నాలుగు మూలలూ చక్కబడతాయి. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ మావాడు టెన్నిస్ ఆడితే ప్రతి బంతీ పోతోంది. నేను వెనక కూర్చుని గమనించాను. వీ రిమోట్‌లో ఒక బుల్లి స్పీకర్ ఉంటుంది, బంతి తగిలితే ‘టప్’ అని చేతిలోనే మోగుతుంది. ఆ టప్ ముందు వినిపిస్తోంది, తెర మీద బ్యాట్ ఆ తర్వాత ఊగుతోంది. రెంటికీ మధ్య సందు చెవికీ కంటికీ తెలిసిపోతోంది. వాడేమో తనకి ఆడటం రావట్లేదని ముఖం ముడుచుకుని రిమోట్ సోఫాలో పెట్టేశాడు. పిల్లాడి తప్పు కాని దానికి పిల్లాడు చిన్నబుచ్చుకుంటే చూడలేకపోయాను.

ఆ సందు ఎంతో ఇంట్లోనే కొలవొచ్చు, ఎవరైనా చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌ని ప్రొజెక్టర్‌కి కలిపి, రెండింటిలో ఒకే బొమ్మ వచ్చేలా పెట్టి, మిల్లీ సెకన్లు చూపించే స్టాప్‌వాచ్ నడిపించండి. రెండు తెరలూ పడేలా ఫోన్‌తో నాలుగైదు ఫోటోలు తీయండి. ఫోటోలో ల్యాప్‌టాప్ మీద ఉన్న అంకెకీ ప్రొజెక్టర్ మీద ఉన్న అంకెకీ తేడాయే ఆలస్యం. ల్యాప్‌టాప్ తెరకి కూడా కాస్త ఆలస్యం ఉంటుంది కాబట్టి మరీ తూకమేసినట్టు రాదు, అయినా సంగతి తెలిసిపోతుంది. మాకు 110 మిల్లీ సెకన్ల దగ్గర వచ్చింది. సెకనుకి 60 బొమ్మలు మారే ఆటలో ఒక్కో బొమ్మ నిలిచేది 16.7 మిల్లీ సెకన్లే, అంటే ఆరు బొమ్మలకి పైగా వెనకబడి ఉన్నాం. బౌలింగ్‌లో అది తెలియదు. టెన్నిస్‌లో ప్రతి దెబ్బకీ తెలుస్తుంది.

మెనూలో వెతికితే ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ ఉంది, అది ఆన్ చేశాను. బొమ్మ నున్నగా కనపడటానికి మధ్యలో లేని ఫ్రేములు కల్పించే సౌకర్యం ఉంది, అది ఆపేశాను. బొమ్మని సరిచేయడానికి కీస్టోన్ కూడా సమయం తీసుకుంటుంది, కానీ అది ఆపితే బొమ్మ వంకర. అప్పుడు ఎలక్ట్రీషియన్ని మళ్లీ పిలిచి, ఒకటిన్నర అడుగుల పైపు వేయించి ప్రొజెక్టర్‌ని ఎనిమిది అడుగుల ఎత్తుకి దించాం, వంచకుండా తిన్నగా. ఆ ఒక్క పైపుతో రెండు పనులూ తీరాయి. కీస్టోన్ సున్నా చేసినా బొమ్మ నాలుగు మూలలూ చక్కగా వచ్చాయి, వెలుగు ఫ్యాన్ రెక్కల కిందనుంచి పోయింది. మళ్లీ కొలిస్తే 35 వచ్చింది. అదే రోజు సాయంత్రం మావాడు వరసగా తొమ్మిది బంతులు తిప్పికొట్టాడు, నేను లెక్కపెట్టాను.

కిందికి దించాం కాబట్టి నీడ సంగతి మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. ఇది చిన్న లెక్క, కొనేముందే కాగితం మీద వేసుకోవచ్చు. మా బొమ్మ 100 అంగుళాలు, అంటే వెడల్పు ఏడుంపావు అడుగులు, ఎత్తు నాలుగడుగులు. బొమ్మ అడుగు అంచు నేల నుంచి మూడున్నర అడుగుల పైన ఉంది. ప్రొజెక్టర్ తెరకి 11 అడుగుల దూరంలో, ఎనిమిది అడుగుల ఎత్తులో ఉంది. వెలుగు కింది అంచు ఎనిమిది నుంచి మూడున్నరకి ఏటవాలుగా దిగుతుంది. తెరకి ఏడడుగుల దూరంలో నిలబడితే ఆ అంచు ఆరడుగుల పైన పోతుంది, మామూలు మనిషి తల తగలదు, చెయ్యెత్తితే మాత్రం వేళ్లు కనిపిస్తాయి. తెరకి ఐదడుగుల దాకా ముందుకొస్తే అంచు ఐదున్నరకి దిగిపోతుంది, తల నీడ పడుతుంది. ఆటలో పడితే ఎవరైనా తెలియకుండానే ముందుకి వస్తారు. మా అమ్మ సుద్దముక్కతో ఏడడుగుల దగ్గర గీత గీసింది. “ఇది దాటితే అవుట్ రా” అంది మనవడితో.

గదిలో ఇంత చోటు లేనివాళ్లు దగ్గర నుంచే పెద్ద బొమ్మ వేసే షార్ట్ త్రో ప్రొజెక్టర్ చూసుకోవాలి. తెర దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేదే త్రో రేషియో. మాది 1.5. అదే 0.5 ఉన్నదైతే ఇదే బొమ్మని నాలుగడుగుల లోపు నుంచే వేస్తుంది, ఆడేవాళ్లు ప్రొజెక్టర్ వెనకే ఉంటారు, నీడ గొడవే లేదు. 0.4 కంటే తక్కువ ఉన్నవి గోడకి దగ్గరగానే బల్ల మీద పెట్టుకోవచ్చు, కానీ గోడ బల్లపరుపుగా ఉండాలి, సున్నం గోడ ఎగుడుదిగుళ్లన్నీ బొమ్మలో తేలతాయి. ధర ఎక్కువ. అయినా ఆటల కోసమే కొనేవాళ్లు మొదట అడగాల్సింది ఈ అంకే.

ఇక రిమోట్ గురి సంగతి. మా వీ అటక దిగినప్పుడు రెండు నష్టాలు జరిగాయి. అడాప్టర్ మీద 120 వోల్టులు అని రాసి ఉంది, నేను చూడకుండా మన ప్లగ్గులో పెట్టేశాను, కాలిపోయింది. మెషిన్‌కి ఏమీ కాలేదు, మన కరెంటుకి పనికొచ్చే 12 వోల్టుల అడాప్టర్ తెప్పించాను. అమెరికా నుంచి ఎవరైనా ఏది తెచ్చినా ముందు ఆ చిన్న అక్షరాలు చదవండి. రెండోది, తెర దగ్గర పెట్టే సెన్సర్ బార్ వైరు ఎలుకలు కొరికేశాయి.

ఈ సెన్సర్ బార్ అన్న పేరు చూసి అందరూ పొరబడతారు, నేనూ పొరబడ్డాను. అది దేన్నీ చూడదు. రెండు కొసలా, సుమారు 20 సెంటీమీటర్ల ఎడంలో, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు ఉంటాయి, అంతే. చూసే కన్ను రిమోట్ మూతిలో ఉంది. ఆ రెండు లైట్లు ఎక్కడ కనపడుతున్నాయో చూసి చెయ్యి గుర్తుని తెర మీద కదుపుతుంది. అంటే అదే రకం వెలుగు ఇచ్చే ఏ రెండు వస్తువులైనా సరిపోవాలి. మా అబ్బాయి ఎక్కడో చదివి, కొవ్వొత్తులతో కూడా పనిచేస్తుందన్నాడు. కొవ్వొత్తులు లేవు. అమ్మ దేవుడి గూట్లోంచి రెండు ఇత్తడి కుందులు తెచ్చి, నూనె పోసి వత్తులు వెలిగించి, తెర కింద బల్ల మీద జానెడు ఎడంగా పెట్టింది. అబ్బాయి రిమోట్ చూపించాడు. తెర మీద చెయ్యి గుర్తు వచ్చింది! చిన్నగా వణుకుతూ, దీపం కదిలినప్పుడల్లా తనూ కదులుతూ. మేం ముగ్గురం కాసేపు ఏమీ ఆడలేదు, దాన్నే చూస్తూ నిలబడ్డాం.

పిల్లలు చేతులు ఊపే చోట దీపాలు పెట్టి ఆడకూడదు, మేమూ ఆ ఒక్కసారే పరీక్షకి పెట్టి ఆర్పేశాం. తర్వాత యూఎస్‌బీతో వెలిగే విడి బార్ కొన్నాం. నిజానికి ప్రొజెక్టర్ ఉన్నవాళ్లకి అదే నయం. అసలు బార్ వైరు మూడున్నర మీటర్లే, మెషిన్ తెర దగ్గరే ఉండాల్సి వస్తుంది, ప్రొజెక్టర్ వెనకెక్కడో ఉంటుంది, మధ్యలో పొడుగు హెచ్‌డీఎంఐ కేబుల్ లాగాలి. విడి బార్ అయితే తెర కింద దాన్నొక్కదాన్నీ పెట్టి మెషిన్ వెనక పెట్టుకోవచ్చు. బార్ పైన పెట్టారా కింద పెట్టారా అన్నది వీ సెట్టింగ్స్‌లో చెప్పాలి, ఇది మరిచిపోతే గురి కిందామీదా అవుతుంది. బార్ వెలుగుతోందో లేదో తెలియకపోతే ఫోన్ కెమెరాలోంచి చూడండి, చాలా ఫోన్లలో లేత ఊదారంగు చుక్కలుగా కనపడుతుంది. పడమటి కిటికీలోంచి ఎండ తెర పక్కన పడినా, ఎదురుగా దేవుడి దీపం ఉన్నా ఆ చెయ్యి గుర్తు పిచ్చిగా గెంతుతుంది. రోజూ సాయంత్రం ఆరింటికే రిమోట్ ఎందుకు పాడవుతోందా అని మేం వారం రోజులు టెన్షన్ పడ్డాం, ఆ వేళకి అమ్మ గూట్లో దీపం పెడుతుంది. ఇప్పుడు గూటికి చిన్న కర్టెన్ కట్టాం. ఇంకొకటి, పెద్ద తెర కదా అని రిమోట్‌ని తెర అంచు దాకా తిప్పకండి. దగ్గరగా నిలబడి అంత పక్కకి తిప్పితే ఆ లైట్లు దాని కంటికి అందవు. మణికట్టు కొంచెం తిప్పితే చాలు.

కేబుల్ గోడలోంచి వేయించుకునేవాళ్లు ముప్పావు అంగుళం పైపు వేయించకండి. హెచ్‌డీఎంఐ తల అందులో దూరదు. మాకు ఒక గోడ రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది. పాత వీకి హెచ్‌డీఎంఐ లేదు, చిన్న కన్వర్టర్ దొరుకుతుంది, అది పెట్టి సెట్టింగ్స్‌లో 480పీ, 16:9 (వెడల్పు బొమ్మ) ఎంచుకోవాలి. ధ్వని బ్లూటూత్ స్పీకర్‌కి ఇవ్వొద్దు, వైరుతోనే ఇవ్వండి, లేకపోతే బొమ్మలో పోగొట్టిన ఆలస్యం శబ్దంలో తిరిగొస్తుంది.

అన్ని మెషిన్లకీ ఇవే తిప్పలుండవు. 2010లో ఎక్స్‌బాక్స్ 360 గేమ్ మెషిన్‌కి వచ్చిన కినెక్ట్ అనే కెమెరా చేతిలో ఏమీ లేకుండా మన ఒంటినే చూస్తుంది, చీకట్లో కూడా పనిచేస్తుంది, కానీ ఒక్కరికి ఆరడుగులు, ఇద్దరికి ఎనిమిది అడుగుల దూరం కావాలి, కెమెరా తెర దగ్గరే ఉండాలి. 2017 నాటికి కినెక్ట్ తయారీ ఆపేశారు, సెకండ్ హ్యాండ్‌వే దొరుకుతాయి. ప్లేస్టేషన్ మెషిన్ వాడే మూవ్ రిమోట్‌కి కొసన వెలిగే బంతి ఉంటుంది, దాన్ని కెమెరా చూస్తుంది. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌కి తెర దగ్గర ఏమీ అక్కర్లేదు, కదలిక కనిపెట్టేదంతా చేతిలోని జాయ్‌కాన్ అనే రిమోట్‌లోనే ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ప్రొజెక్టర్‌తో అదే సుఖం. ఏదైనా సరే, మణికట్టు తాడు వేసుకోకుండా ఆడనివ్వకండి. వీ వచ్చిన నెలరోజులకే, 2006 డిసెంబరులో, తాళ్లు తెగి రిమోట్లు ఎగిరిపోతుంటే 32 లక్షల తాళ్లకి బదులు ఇంకా మందమైనవి ఇస్తామని నింటెండోయే ప్రకటించింది. పైన ఫ్యాన్ తిరుగుతుంటే చెయ్యి ఎంత ఎత్తు లేస్తుందో కూడా చూసుకోండి.

సంపాదకులు గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలని ఇదంతా రాశాను. మీ టెక్ పేజీలో ప్రొజెక్టర్ల గురించి రాసినప్పుడు నాలుగు అంకెలు తప్పనిసరిగా వేయండి. అసలు ప్యానెల్ ఎన్ని చుక్కలు, ఆన్సీ లేదా ఐఎస్ఓ ల్యూమెన్స్ ఎన్ని, త్రో రేషియో ఎంత, గేమ్ మోడ్‌లో ఆలస్యం ఎంత. చివరిదాన్ని కంపెనీ చెప్పకపోతే చెప్పలేదనే రాయండి. ప్రకటనలిచ్చేవాళ్లని కూడా ఈ నాలుగూ వేయమని అడగండి. షాపువాళ్లకి నా విన్నపం, సినిమా ట్రైలర్ ఒక్కటే చూపించి పంపకండి, ఒక ఆట పెట్టి, కొనేవాళ్ల చేతికి రిమోట్ ఇచ్చి, తెర ముందు నిలబడనివ్వండి. రెండు నిమిషాల్లో వాళ్లకే తెలిసిపోతుంది.

ఇప్పుడు మా ఇంట్లో సాయంత్రం ఏడింటికి అమ్మే ప్రొజెక్టర్ వేయమంటుంది. మొదటి వారం బంతి వదలాలంటే చెయ్యే తెరిచేసేది, “అమ్మమ్మా, బటన్ వదులు, రిమోట్ వదలకు” అని మావాడు పక్కనుండి అరిచేవాడు. మొన్న ఆదివారం వరసగా మూడు స్ట్రైకులు (ఒక్క బంతికే పిన్నులన్నీ పడటం) కొట్టింది. సుద్ద గీత తుడిచినప్పుడల్లా పోతోందని, నిన్న అదే చోట ఎర్ర టేపు అతికించింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమండ్రి